తూర్పుకు తిరిగిన జల్లెడ

ఫ్యాన్ల డాక్టరు

రిటైరైన దగ్గర్నుంచీ జనం నన్ను ఎక్కువగా అడిగింది నా పరిశోధన గురించి కాదు. "మాస్టారూ, మా హాల్లో ఫ్యాను అదురుతోందండీ, ఒక్కసారి వచ్చి చూసిపెడతారా?" అని. పటమటలో మా అపార్ట్‌మెంటులో నేను స్టూలెక్కి చూడని సీలింగ్ ఫ్యాను లేదు. మా ఆవిడకి ఇదంతా నామోషీ. "ప్రొఫెసర్‌గా చేసి చేసి చివరికి ఫ్యాన్లు బాగుచేస్తున్నారా?" అంటుంది. నాకు మాత్రం ఏ నామోషీ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చేసింది అదే పని. ఫ్యానుకి బదులు పైపులు, పంపులు, రైస్ మిల్లులు, అంతే తేడా.

మెకానికల్ ఇంజనీరింగులో నాది అదురు శాఖ. తిరిగే ప్రతి యంత్రమూ అదురుతుంది. ఆ అదురు నేలలోకి, గోడల్లోకి, పక్కింటి వాళ్ళ నిద్రలోకి పాకుతుంది. దాన్ని ఎలా అదుపులో పెట్టాలన్నదే నా పాఠమూ, నా పరిశోధనా. అందులోనూ నాకు ప్రాణమైనవి అడాప్టివ్ స్ట్రక్చర్లు. అంటే పరిస్థితి మారినప్పుడు తమంతట తాము సర్దుకునే నిర్మాణాలు. వినడానికి గొప్పగా ఉంటుంది. నిజంగానే గొప్పది, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న లెక్చరర్ల కోసం, పీహెచ్‌డీలో చేరదామా వద్దా అని ఊగిసలాడుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, నేను ఏ కమిటీలో కూర్చున్నానో మీకు అనవసరం. కమిటీల్లో నేను చేసిందల్లా బిస్కెట్లు తినడమే. ఉద్యోగంలో నిజంగా ఏం జరుగుతుందో చెబుతాను.

బిగిస్తే తగ్గదు

నేను చేరిన కొత్తలో మా హెడ్డు ఒక పెద్దాయన. మాట కటువు, మనసు మంచిది. మీటరు చేత్తో పట్టుకుని యంత్రం దగ్గరికి పోబోతే ఆపేసేవారు. "ముందు అరచెయ్యి పెట్టవయ్యా. ఎక్కడ అదురుతోందో తెలీకుండా ఎంత అదురుతోందో కొలిచి ఏం చేస్తావ్?" అనేవారు. ఇప్పటి పిల్లలు సెన్సర్లు అతికించేసి లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. గ్రాఫు రంగురంగులుగా వస్తుంది. అది మిల్లుదో, పక్క రోడ్డు మీద పోయే లారీదో వాళ్ళకి తెలియదు.

ఆయనతో కలిసి వెళ్ళిన మొదటి కేసు గవర్నర్‌పేటలో ఒక లాడ్జి. కరెంటు పోయినప్పుడల్లా డాబా మీద జనరేటర్ ఆన్ చేస్తారు. వెంటనే కింద గదుల్లో మంచాలు, కిటికీ అద్దాలు మోగిపోతాయి. లాడ్జి మేనేజరు అప్పటికే బోల్టులు బిగించాడు. తగ్గలేదు. ఇంకా లావు బోల్టులు వేసి బిగించాడు. పెరిగింది. చివరికి జనరేటర్ కాళ్ళని కాంక్రీటులో పాతించేశాడు. అప్పుడు కింద గదుల్లో బస చేసినవాళ్ళు భూకంపమనుకుని మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చారు.

మా హెడ్డు గారు ఆ కాంక్రీటు కొట్టించేసి, జనరేటర్ని లావుపాటి రబ్బరు దిమ్మల మీద నిలబెట్టించారు. అది పైన హాయిగా ఊగుతోంది, కింద మంచాలు కదలడం లేదు. మేనేజరుకి నమ్మకం కుదరలేదు. "వదులుగా ఉంటే పడిపోదాండీ?" అంటాడు. మనవాళ్ళకి అదురంటే మొదట తోచే మందు బిగింపే. యంత్రాన్నయినా అంతే, పిల్లల్నయినా అంతే. బిగించిన కొద్దీ అదురు లోపలి నుంచి పక్కవాడికి పోతుంది గానీ తగ్గదు.

ఇక లాబొరేటరీ సంగతి. మా పరిశోధన పత్రాల్లో చాలావాటికి హీరో ఒక అల్యూమినియం పట్టీ. ఒక కొస బల్లకి బిగించి ఉంటుంది, రెండో కొస ఊగుతుంది. దాని మీద సెన్సర్లు అతికించి ఊపు తగ్గించి చూపిస్తాం. ఆ పట్టీ మహా బుద్ధిమంతురాలు. దానికి దుమ్ము లేదు, ధాన్యం లేదు, ఓనరు లేడు. పట్టీ మీద నెగ్గినవాణ్ణి నేను ఎప్పుడూ మెచ్చుకోలేదు. అది నెట్ ప్రాక్టీసు, మ్యాచ్ కాదు. ఈ మాట నా విద్యార్థులందరికీ చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు తక్కువ. విన్నవాళ్ళలో మొదటి పేరు సుజన.

కోటేశ్వరరావు గారి మిల్లు

సుజన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. సెలవు పెట్టి మా దగ్గర పీహెచ్‌డీకి చేరింది. వాళ్ళ కాలేజీ వాళ్ళు ఆ అమ్మాయికి ఒకటే మాట చెప్పారు. సెలవు అయిపోయే లోపల డాక్టరేటుతో వస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. ఇంట్లో జీతం తెచ్చేది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ సంగతి నాకు తను చెప్పలేదు, తోటి విద్యార్థులు చెప్పారు.

తను తయారు చేసింది ఒక అడాప్టివ్ పరికరం. ఒక ఇనప కమ్మీ, దాని మీద జరిగే ఒక బరువు, ఆ బరువుని జరపడానికి చిన్న మోటారు. ఊగే నేలకి దాన్ని తగిలిస్తే, నేల ఊపుని ఆ బరువు తన మీదికి లాక్కుంటుంది. ఇలాంటి బరువులు కొత్త కాదు. కాకపోతే మామూలు బరువు ఒకే వేగానికి పనిచేస్తుంది. యంత్రం వేగం మారితే దండగ. సుజన బరువు అలా కాదు. నేల ఎలా ఊగుతోందో చూసుకుని కమ్మీ మీద ముందుకో వెనక్కో జరిగి తన చోటు తానే వెతుక్కుంటుంది.

లాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. మ్యాచ్ ఆడటానికి ఒక నిజమైన నేల కావాలి. సరిగ్గా అప్పుడే హనుమాన్ జంక్షన్ దగ్గర నుంచి కోటేశ్వరరావు గారు మనిషిని పంపారు.

కోటేశ్వరరావు గారిది వ్యవసాయ కుటుంబం. మిల్లు పెట్టి పైకొచ్చిన మనిషి. ఆయన మిల్లు పై అంతస్తులో కలర్ సార్టర్ అనే యంత్రం ఉంది. బియ్యం జారుతుంటే కెమెరాతో చూసి, రంగు మారిన గింజని గాలి ఊది పక్కకి తోసేస్తుంది. ఉన్నట్టుండి అది మంచి గింజని కూడా తోసెయ్యడం మొదలుపెట్టింది. కంపెనీ వాళ్ళు వచ్చి చూసి, యంత్రంలో లోపం లేదు, నేల ఊగుతోంది అని చెప్పి పోయారు.

మేం వెళ్ళి అరచెయ్యి పెట్టాం. నిజంగానే ఊగుతోంది, తూర్పు పడమరలుగా. ఆ బిల్డింగ్ ఉత్తర దక్షిణాలుగా పొడుగు, తూర్పు పడమరలుగా సన్నం. పొడుగువైపు ఎంత తోసినా కదలదు, సన్నంవైపు తోస్తే ఊగుతుంది. తోసేది ఎవరా అని చూస్తే, కింద ధాన్యం శుభ్రం చేసే పెద్ద జల్లెడ. ముందుకీ వెనక్కీ ఆడుతూ బిల్డింగ్‌ని సన్నంవైపు తోస్తోంది.

"ఈ జల్లెడ మొదట్నుంచీ ఇలాగే ఉందాండీ?" అని అడిగాను.

కోటేశ్వరరావు గారు కాస్త నసిగారు. "లేదండి. మొదట్లో దక్షిణం మొహంగా ఉండేదండి. వాస్తు సిద్ధాంతి గారొచ్చి, ధాన్యం దక్షిణానికి పారితే లక్ష్మి యముడి దగ్గరికి పోయినట్టేనన్నారు. తూర్పుకి తిప్పించారండి."

"అప్పట్నుంచేగా ఈ గోల?"

"అప్పట్నుంచేనండి."

"మళ్ళీ దక్షిణానికి తిప్పెయ్యండి, పోతుంది."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "మాస్టారూ, మిల్లు మూసుకోమన్నా మూసుకుంటాగానీ దక్షిణానికి మాత్రం తిప్పనండి."

ఉత్తరానికి తిప్పినా సరిపోతుంది. కానీ అలా చెయ్యాలంటే ధాన్యం పైకెత్తే ఎలివేటర్ని ఊడదీసి ఈ కొస నుంచి ఆ కొసకి మార్చాలి. చాలా ఖర్చు. చెప్పి చూశాను, "అంత మావల్ల కాదండి" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆయన మొండితనం మాకు కలిసొచ్చింది. జల్లెడ ధాన్యం బరువుని బట్టి వేగం మార్చుకుంటోంది. సుజన పరికరానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆ అమ్మాయి థీసిస్‌లో చివరి అధ్యాయం ఈ మిల్లే అని ఆ రోజే అనుకున్నాం.

భోజనాల దగ్గర

పరికరాన్ని పై అంతస్తు నేలకి బిగించేసరికి మిల్లు మరమ్మతులకని ఆపారు. మళ్ళీ మొదలయ్యాక, మా ప్రాజెక్టుకి నిధులిచ్చిన నిపుణుల కమిటీ చూడటానికి వస్తానంది. మా డీన్ గారు హడావుడి పడ్డారు. పెద్దవాళ్ళు వచ్చారు. బయటి మెట్ల మీదుగా నేరుగా పై అంతస్తుకి ఎక్కించాం. సుజన పరికరం ఆన్ చేసింది. మిల్లు నడుస్తోంది. నేల మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు కదల్లేదు. తెర మీద గీత తిన్నగా పోతోంది. కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

తర్వాత పరికరం ఆపి, అదురు మళ్ళీ ఎలా వస్తుందో చూపించాలి. కానీ కోటేశ్వరరావు గారు భోజనాలు వడ్డించేశారు. గోంగూర, చేపల పులుసు, గడ్డ పెరుగు. డీన్ గారు "అది భోజనాల తర్వాత చూద్దాం" అన్నారు. అందరూ దిగిపోయారు.

నేను గోంగూరలో నెయ్యి వేసుకుంటుండగా సుజన వచ్చి నా పక్కన నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, బరువు కదలకుండా బిగించేసి చూశానండి. ఏమీ మారలేదు. మనది పనిచేసినా చెయ్యకపోయినా నేల ఊగట్లేదు సార్."

చెయ్యి కడుక్కుని కింద జల్లెడ దగ్గరికి వెళ్ళాం. జల్లెడకి కొత్తగా పసుపు, కుంకుమ. మొహం ఉత్తరం వైపు. ఎలివేటర్ అవతలి కొసకి మారింది.

కోటేశ్వరరావు గారు మా వెనకే వచ్చారు. "చూశారాండీ? మా బావమరిది ఇంకో సిద్ధాంతి గార్ని తీసుకొచ్చాడండి. తూర్పు కాదు, కుబేరుడి దిక్కు ఉత్తరమన్నారు. మొన్న దశమి నాడు ముహూర్తం పెట్టి తిప్పించేశాం. మీకు చెబుదామనుకున్నానండి, పనుల్లో పడి మర్చిపోయా."

నేను చెప్పినప్పుడు చాలా ఎక్కువైన ఖర్చు సిద్ధాంతి గారు చెబితే తక్కువైపోయింది. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఒక సిద్ధాంతి పెట్టిన రోగాన్ని ఇంకో సిద్ధాంతి కుదిర్చాడు. ఇద్దరికీ అది రోగమని తెలియదు.

ఈలోగా డీన్ గారు వచ్చి సంగతి విన్నారు. సుజనని పక్కకి పిలిచారు. "ఏమ్మా, ఇప్పుడది చెప్పడం అంత అవసరమా? రీడింగ్ నిజమే కదా? మనం అబద్ధమేం ఆడలేదు కదా? ఇప్పుడు చెబితే ప్రాజెక్టు ఆగిపోతుంది. దాంతో నీ థీసిసూ ఆగిపోతుంది. నీ సెలవు సంగతి నీకు తెలుసుగా."

ఆయన చెడ్డమనిషి కాదు, భయస్తుడు. మా వృత్తిలో అబద్ధాలు ఎప్పుడూ అబద్ధం అంకెలతో రావు. నిజమైన అంకెని తీసుకెళ్ళి తప్పు చోట నిలబెడితే చాలు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

సుజన నా వైపు చూసింది. నేను ఒకటే చెప్పాను. "అమ్మా, ఇది నీ థీసిస్. చెప్పాల్సింది నువ్వే. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. అప్పుడు మంచిపేరు నాకొస్తుంది, చెడ్డపేరు నీకొస్తుంది."

కటువుగా అన్నానని నాకు తెలుసు. అన్నందుకు నేను ఇప్పటికీ బాధపడను. సుజన విస్తళ్ళు ఎత్తకముందే వెళ్ళి కమిటీ పెద్దాయన ముందు నిలబడింది. "సార్, పొద్దున మీరు చూసింది మా పరికరం గొప్ప కాదండి. జల్లెడ దిక్కు మారింది, అందుకని అదురు లేదు" అని చెప్పేసింది.

పెద్దాయన పెరుగన్నం ముద్ద విస్తట్లో వదిలేశారు. కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. "అయితే ఇవాళ చూపించింది లెక్కలోకి రాదు. ఇదే నేల మీద అదురు తెప్పించి, ఆపి చూపించండి. వేసవి సెలవుల లోపల" అన్నారు. సుజన సెలవు కూడా సరిగ్గా అప్పటికే అయిపోతుంది.

అమావాస్య నాడు

జల్లెడని మళ్ళీ తూర్పుకి తిప్పమని అడగడానికి నేనే వెళ్ళాను. కోటేశ్వరరావు గారు చేతులు జోడించారు. "మాస్టారూ, జ్వరం తగ్గిన వాడికి మళ్ళీ జ్వరం తెప్పించమంటున్నారండీ మీరు. ఎలా కుదురుతుందండీ?" ఆయన మాటలో తప్పు లేదు. నేను తిరిగొచ్చేశాను.

సుజన ఆలోచన వేరు. జల్లెడని తిప్పనక్కర్లేదు. మా లాబ్‌లో ఒక మోటారు ఉంది, దాని చక్రానికి ఒక పక్కన బరువు ఉంటుంది. అది తిరిగితే కిందున్న దాన్ని ఊపేస్తుంది. దాన్ని తూర్పు పడమరలుగా ఊపేట్టు నేలకి బిగిస్తే జల్లెడ చేసిన పనే చేస్తుంది. డీన్ గారు ఆ మోటారు బయటికి తీసుకెళ్ళడానికి సంతకం పెట్టారు. అప్పుడు ఆయన భయపడలేదు, అది చెప్పడం న్యాయం.

మిల్లులో మాత్రం కోటేశ్వరరావు గారు ఒప్పుకోలేదు. "కావాలని బిల్డింగ్‌ని ఊపుతారా? అశుభం కాదా అమ్మా?"

సుజన వాదించకుండా ఇంకోటి అడిగింది. "బాబాయి గారూ, మీరు మిల్లు ఎప్పుడు ఆపుతారండీ?"

"అమావాస్యకి ఆపేస్తామమ్మా. ఆ రోజు ఎవరూ కొత్త పని మొదలెట్టరుగా."

"అయితే ఆ రోజు మాకివ్వండి. మేం మొదలెట్టేది పని కాదు కదండీ, అదురు."

ఆయన ఆలోచించారు. ఆలోచించి ఫక్కున నవ్వారు. "అమావాస్య నాడు మొదలెట్టింది నిలవదంటారమ్మాయ్. మీ అదురు నిలవకపోతే ఇద్దరికీ మంచిదేగా! కానివ్వండి."

ఎన్నో విదేశీ సదస్సుల్లో కూర్చున్నాను గానీ, ఒక పరిశోధనకి ఇంత చక్కటి అనుమతి దొరకడం ఇంకెక్కడా చూడలేదు.

అమావాస్య పొద్దున్నే మిల్లంతా నిశ్శబ్దం. పనివాళ్ళు లేరు. కమిటీ తరఫున ఒకాయన వచ్చారు. మోటారు వేగం మెల్లగా పెంచాం. నేల ఊగడం మొదలైంది. గ్లాసులో నీళ్ళు అంచులకి కొట్టుకుంటున్నాయి. కోటేశ్వరరావు గారు మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు. సుజన పరికరం ఆన్ చేసింది. కమ్మీ మీద బరువు మెల్లగా జరిగింది, కొంచెం వెనక్కి వచ్చింది, ఒకచోట ఆగింది. గ్లాసులో నీళ్ళు నిలిచిపోయాయి.

"ఆగిందమ్మాయ్!" అని ఆయన మెట్ల మీద నుంచి కేకేశారు.

వేగం మార్చాం. బరువు మళ్ళీ జరిగి మళ్ళీ ఆపింది. అక్కడితో ఆపేస్తే అందరం సంతోషంగా ఇళ్ళకి పోయేవాళ్ళం. సుజన ఆగలేదు. వేగాన్ని గబుక్కున మార్చి చూసింది. బరువు జరగడానికి టైము పట్టింది, ఆ కాసేపూ నేల అసలు పరికరం లేనప్పటికంటే ఎక్కువ ఊగింది. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. అయినా అదీ కొలిచింది. అదీ థీసిస్‌లో రాసింది. పనిచేసిన చోటు, పనిచెయ్యని చోటు, రెండింటికీ సమానంగా పేజీలిచ్చింది. జల్లెడ దిక్కు మీద కూడా ఒక అధ్యాయం రాసింది.

ఈ రంగంలో మీకు పేరు రావాలంటే మీ పరికరం ఎక్కడ పనిచేస్తుందో చెప్పండి. మీ మీద నమ్మకం కలగాలంటే ఎక్కడ పనిచెయ్యదో చెప్పండి. రెండోది చెప్పేవాళ్ళు నాకు కొద్దిమందే తగిలారు.

వైవా

సెలవు పూర్తయ్యే వారంలో వైవా పడింది. పరీక్షకుడు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన తెలుగాయన. నిక్కచ్చి మనిషని పేరు. సెమినార్ హాల్లో ముందు వరసలో డీన్ గారు, ఆయన పక్కన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో కోటేశ్వరరావు గారు. వైవాకి బయటివాళ్ళు కూడా రావచ్చని ఎవరు చెప్పారో, ఆయన వచ్చేశారు.

సుజన చెప్పడం పూర్తయింది. పరీక్షకుడు థీసిస్‌లో జల్లెడ అధ్యాయం తెరిచి బల్ల మీద పెట్టారు. ఆ అమ్మాయిని ఆ రోజు నిజం చెప్పమన్నది నేనే. ఇప్పుడు దాని ఫలితం అనుభవించాల్సింది తనే.

"కమిటీ వచ్చిన రోజున మీ పరికరం ఏం చేసిందమ్మా?" అని అడిగారు ఆయన.

"ఏమీ చెయ్యలేదండి."

"మరి అదురు ఆపిందెవరు?"

"సిద్ధాంతి గారేనండి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పరీక్షకుడు నవ్వలేదు. "మరి డాక్టరేటు ఆయనకివ్వాలి కదా, మీకెందుకివ్వాలి?"

సుజన తడుముకోలేదు. "ఆపింది ఆయనేనండి. ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేరండి, నేను చెప్పగలను. మళ్ళీ ఎప్పుడొస్తుందో కూడా చెప్పగలనండి."

పరీక్షకుడు థీసిస్ మూసేశారు. "నాకు ఇంకేం ప్రశ్నలు లేవు, డాక్టర్ సుజన గారూ" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బయటికొచ్చాక కోటేశ్వరరావు గారు జనాన్ని తోసుకుంటూ సుజన దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, పక్క స్థలంలో ఇంకో మిల్లు కడుతున్నాం. ముందు నువ్వొచ్చి చూడు. ఆ తర్వాతే సిద్ధాంతి గార్ని పిలుస్తా."

నేను ఆ మాటకే పొంగిపోయాను. సుజన మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇద్దర్నీ ఒకే రోజు పిలవండి బాబాయి గారూ. జల్లెడ ఏ దిక్కుకి తిప్పాలో ఆయన్నే చెప్పనివ్వండి. ఎటు తిప్పినా ఊగకుండా బిల్డింగ్ ఎలా కట్టాలో నేను చెబుతాను."